బిడ్డ కంటే ముందు అమ్మని అడగండి: రావల్పిండి పల్లెల్లో జరిగిన ఒక రీసెర్చ్ కథ

ఈ ఎపిసోడ్ కొంచెం పర్సనల్‌గా మొదలవుతుంది. మా అక్క పర్మిషన్ తీసుకునే చెప్తున్నాను. స్క్రిప్ట్ రాశాక ముందు తనకే చదివి వినిపించాను. రెండు చోట్ల "ఇది తీసెయ్ రా" అంది, తీసేశాను. మిగిలింది మీ ముందుంది.

2021. వర్క్ ఫ్రమ్ హోమ్ రోజులు. నేను తెనాలిలో మా ఇంట్లోనే ఉండి ఉద్యోగం చేసుకుంటున్నాను. అక్క కాన్పుకి పుట్టింటికి వచ్చింది. పాప పుట్టింది. ఇల్లంతా సందడి. పదకొండో రోజు పురుడు అయింది, బావ, వాళ్ళ వాళ్ళు వచ్చి చూసి వెళ్ళారు. ఇంతవరకు అంతా ఫొటోల్లో బాగానే ఉంది.

మూడో వారం నుంచి అక్క మారిపోయింది. పాప ఏడుస్తుంటే పక్కనే కూర్చుని గోడ వైపు చూసేది. నిద్ర పట్టేది కాదు. పాప పడుకున్నా కూడా పట్టేది కాదు. వెల్లుల్లి కారం అన్నం కంచంలో అలాగే ఉండిపోయేది. ఎందుకేడుస్తున్నావే అని అమ్మ అడిగితే, "ఏమో అమ్మా, తెలీదు" అనేది. ఇంటికి వచ్చిన ప్రతి ఒక్కరూ ఒక సలహా ఇచ్చారు. పాలు సరిగ్గా పట్టడం లేదని ఒకరు, దిష్టి తగిలిందని ఒకరు, ఈ కాలం ఆడపిల్లలకి ఓపిక లేదని ఇంకొకరు.

మరి నేనేం చేశాను? నేను బీటెక్ చదివిన వాడిని కదా, సొల్యూషన్ వెతికాను. పిల్లల పెంపకం మీద వీడియోలు, ఆర్టికల్స్, బేబీ బ్రెయిన్ డెవలప్‌మెంట్ అని వచ్చిన ప్రతి లింకూ అక్కకి వాట్సాప్‌లో పంపాను. మొదటి వెయ్యి రోజులు ముఖ్యం, పాపతో ఎక్కువ మాట్లాడు, ఎక్కువ నవ్వు, కళ్ళలోకి చూడు. ఇలా ఓ పద్నాలుగు లింకులు. పెద్ద హెల్ప్ చేశాననుకున్నాను.

ఒక రాత్రి నీళ్ళ కోసం లేచి వెళ్తే అక్క వరండాలో కూర్చుని ఉంది. పక్కన కూర్చున్నాను. తను అన్న మాట నాకు ఇప్పటికీ గుర్తుంది. "ఒరేయ్, నువ్వు పంపినవన్నీ చూశాను రా. చూశాక నాకు అర్థమైంది ఒక్కటే. నేను మంచి తల్లిని కాను."

ఈరోజు ఎపిసోడ్ ఆ మాట గురించే. బిడ్డ బాగుండాలంటే తల్లికి ఏం నేర్పాలి అని మనం అడుగుతాం. బిడ్డ బాగుండాలంటే తల్లి ఎలా ఉంది అని అడగడం మర్చిపోతాం. ఈ రెండో ప్రశ్నతో మన పక్క దేశం పల్లెల్లో ఒక పెద్ద రీసెర్చ్ జరిగింది. పాకిస్తాన్‌లోని రావల్పిండి జిల్లాలో. దాని రిజల్ట్స్ 2008లో లాన్సెట్ అనే మెడికల్ జర్నల్‌లో వచ్చాయి. అది ఎలా చేశారు, ఏం తేలింది, ఏం తేలలేదు, అన్నీ చూద్దాం.

ముందు ఒక చిన్న క్లారిటీ

కాన్పు తర్వాత మొదటి కొన్ని రోజులు చాలామంది తల్లులకి ఊరికే ఏడుపు రావడం, చిరాకు, కంగారు ఉంటాయి. దీన్ని బేబీ బ్లూస్ అంటారు. ఒంట్లో హార్మోన్లు ఒక్కసారిగా పడిపోతాయి, నిద్ర ఉండదు, ఒళ్ళంతా నొప్పులు. మామూలుగా రెండు వారాల్లోపు అదే సర్దుకుంటుంది.

రెండు వారాలు దాటినా తగ్గకపోతే, రోజులో ఎక్కువసేపు దిగులుగానే ఉంటే, ఇంతకు ముందు ఇష్టమైనవి కూడా ఇష్టం లేకుండా పోతే, తిండి, నిద్ర చెడిపోతే, "నేను దేనికీ పనికిరాను" అనే ఆలోచన వదలకపోతే, అది డిప్రెషన్ కావచ్చు. ఇది కాన్పు తర్వాతే మొదలవ్వాలని లేదు, కడుపుతో ఉన్నప్పుడే మొదలవ్వచ్చు కూడా. ఇది బద్ధకం కాదు, ఓపిక లేకపోవడం కాదు, బిడ్డ మీద ప్రేమ లేకపోవడం అసలే కాదు.

ఎంతమందికి వస్తుంది? మన దేశంలో జరిగిన 38 స్టడీలని కలిపి లెక్క వేసిన ఒక రివ్యూ 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ళ బులెటిన్‌లో వచ్చింది. అందులో తేలిన సగటు 22 శాతం. అంటే సుమారుగా ప్రతి ఐదుగురు బాలింతల్లో ఒకరు. మీ వీధిలో ఈ ఏడాది ఐదు బారసాలలు జరిగి ఉంటే, అందులో ఒక ఇంట్లో ఈ కథ నడుస్తూ ఉండొచ్చు. ఫొటోల్లో కనపడదు, అంతే.

గోవాలో విక్రమ్ పటేల్, ఆయన టీమ్ 2002లో ఒక స్టడీ పబ్లిష్ చేశారు. కాన్పయిన ఆరు నుంచి ఎనిమిది వారాలకి చూస్తే 23 శాతం మంది తల్లులకి డిప్రెషన్ ఉంది. ఎవరికి ఎక్కువ వచ్చిందో చూస్తే లిస్టు మనకి బాగా తెలిసిందే. పేదరికం, భర్త కొట్టడం, ఇంకా పుట్టింది ఆడపిల్ల కావడం. ఈ మూడోది మిగతా కష్టాల్ని ఇంకా బరువెక్కిస్తుందని వాళ్ళు గమనించారు. అంటే ఇది ఒక మనిషి తలకాయలో మాత్రమే ఉండే జబ్బు కాదు. ఆ మనిషి చుట్టూ ఉన్న ఇల్లు కూడా అందులో భాగమే.

తల్లి దిగులు బిడ్డ దాకా ఎలా వెళ్తుంది?

1970ల్లో ఎడ్వర్డ్ ట్రానిక్ అనే అమెరికన్ సైకాలజిస్ట్ ఒక ప్రయోగం చేశారు. దాన్ని స్టిల్ ఫేస్ ఎక్స్‌పెరిమెంట్ అంటారు. తల్లి ముందు మామూలుగా బిడ్డతో ఆడుతుంది. తర్వాత కొన్ని నిమిషాలు ముఖంలో ఏ భావమూ లేకుండా, ఏ జవాబూ ఇవ్వకుండా బిడ్డ వైపు చూస్తుంది. నెలల పిల్ల కూడా వెంటనే గమనిస్తుంది. నవ్వుతుంది, చేతులు ఊపుతుంది, శబ్దాలు చేస్తుంది. ఏం చేసినా జవాబు రాకపోతే ముఖం తిప్పేసుకుంటుంది.

ఆగండి. ఇక్కడే నేను అప్పట్లో తప్పు చేశాను. ఈ వీడియో కూడా అక్కకి పంపాను. డిప్రెషన్‌లో ఉన్న తల్లికి ఇది చూపిస్తే ఏమనిపిస్తుంది? "నా వల్ల పాప పాడైపోతోంది" అనిపిస్తుంది. నిజానికి అదే ట్రానిక్ పరిశోధనల్లో ఇంకో సగం ఉంది, అది ఎవరూ ఫార్వర్డ్ చేయరు. బాగా ఉన్న తల్లీబిడ్డలు కూడా చాలాసేపు ఒకరికొకరు ట్యూన్ అయి ఉండరు. బిడ్డ ఒకటి అడుగుతుంది, తల్లికి ఇంకోటి అర్థమవుతుంది. మళ్ళీ సర్దుకుంటారు. ఆ సర్దుకోవడమే ముఖ్యం అంటారాయన. ఒక పూట ముఖం మాడ్చుకున్నంత మాత్రాన ఏ పిల్లా పాడైపోదు.

ఇబ్బంది ఎక్కడంటే, నెలల తరబడి తల్లికి ఆ సర్దుకునే శక్తి కూడా లేకుండా పోయినప్పుడు. పాలు పట్టడం, టీకా తేదీ గుర్తుంచుకోవడం, విరేచనాలు అయితే వెంటనే ఓఆర్ఎస్ కలపడం, ఇవన్నీ ఒంట్లో, మనసులో కాస్త సత్తువ ఉంటేనే జరిగే పనులు. రావల్పిండిలో అతిఫ్ రెహ్మాన్ అనే సైకియాట్రిస్ట్ టీమ్ 2004లో ఇదే చూపించింది. డిప్రెషన్ ఉన్న తల్లుల పిల్లల్లో ఎదుగుదల తగ్గడం, విరేచనాలు ఎక్కువ అవ్వడం కనిపించాయి. ఆయన ప్రశ్న చాలా సింపుల్. తల్లి డిప్రెషన్‌కి ట్రీట్‌మెంట్ ఇస్తే ఏమవుతుంది? ఇంకో ప్రశ్న కూడా ఉంది. సైకియాట్రిస్టులే లేని పల్లెల్లో ట్రీట్‌మెంట్ ఎవరిస్తారు?

రావల్పిండిలో ఏం చేశారు?

పాకిస్తాన్‌లో లేడీ హెల్త్ వర్కర్స్ అని ఉంటారు. 1994లో మొదలైన ప్రభుత్వ ప్రోగ్రామ్. మన ఆశా అక్కలు గుర్తొస్తారు. స్కూల్ చదువు చదివిన స్థానిక మహిళలు. ఒక్కొక్కరికి సుమారు వెయ్యి మంది జనాభా. ఇంటింటికీ తిరిగి గర్భిణులని, పసిపిల్లలని చూసుకోవడం వాళ్ళ పని. రెహ్మాన్ టీమ్ వీళ్ళకే ట్రైనింగ్ ఇచ్చింది. ఎన్ని నెలలు అనుకుంటున్నారు? రెండు రోజులు. నాలుగు నెలల తర్వాత ఒక రోజు రిఫ్రెషర్. మధ్యలో నెలనెలా గ్రూప్‌గా కూర్చోబెట్టి, ఎవరికి ఎక్కడ ఇబ్బంది వచ్చిందో మాట్లాడించడం.

ఇప్పుడు టెస్ట్ ఎలా డిజైన్ చేశారో చూడండి. మనం యాప్‌లో ఏ-బీ టెస్ట్ చేస్తాం కదా, కొంతమంది యూజర్లకి పాత బటన్, కొంతమందికి కొత్త బటన్. అలాగే 40 యూనియన్ కౌన్సిళ్ళు, అంటే మన మండలం కంటే చిన్న ప్రాంతాలు తీసుకున్నారు. లాటరీ పద్ధతిలో 20 ఒక వైపు, 20 ఇంకో వైపు. నెలలు నిండుతున్న గర్భిణుల్లో డిప్రెషన్ ఉన్నవాళ్ళని గుర్తించారు. మొత్తం 903 మంది. ఒక వైపు 463 మంది, ఇంకో వైపు 440 మంది.

ఇక్కడ నాకు బాగా నచ్చిన పాయింట్ ఒకటుంది. రెండో గుంపుని గాలికి వదిలేయలేదు. వాళ్ళ ఇళ్ళకి కూడా హెల్త్ వర్కర్ అన్నే సార్లు వెళ్ళింది. తేడా ఒక్కటే, ఆమెకి ఈ కొత్త ట్రైనింగ్ లేదు. ఎందుకలా? ఎవరో ఒకరు వచ్చి పలకరించడం వల్లే బాగుపడ్డారా, లేక ఆ మాట్లాడే పద్ధతి వల్ల బాగుపడ్డారా అనేది తేలాలి కదా. అందుకే విజిట్ల లెక్క సమానంగా ఉంచారు.

మొత్తం 16 సెషన్లు. కాన్పుకి ముందు నెలలో వారానికొకటి చొప్పున నాలుగు. కాన్పయ్యాక మొదటి నెలలో మూడు. తర్వాత నెలకొకటి చొప్పున తొమ్మిది. అన్నీ తల్లి ఇంట్లోనే.

ఆ 16 సార్లలో ఏం మాట్లాడారు?

ఈ ప్రోగ్రామ్ పేరు థింకింగ్ హెల్దీ. పునాది కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ. పేరు పెద్దగా ఉంది కానీ విషయం మూడు మెట్లే. మొదటిది, మనల్ని లోపలి నుంచి తినేసే ఆలోచనని పట్టుకోవడం. రెండోది, దాని బదులు పనికొచ్చే ఆలోచన పెట్టుకోవడం. మూడోది, దాన్ని రేపు పొద్దున ఒక చిన్న పనిగా చేసి చూడటం.

మన ఇంటి భాషలో ఒక ఉదాహరణ చెప్తాను. "నేను ఏం చేసినా పాప ఏడుపు ఆపదు, నా తలరాతే అంత." ఇది మొదటి మెట్టు, ఆలోచన దొరికింది. రెండో మెట్టు, "పాప ఏడుపు నా మీద తీర్పు కాదు, తన దగ్గర వేరే భాష లేదు కాబట్టి ఏడుస్తోంది." మూడో మెట్టు, రేపు స్నానం అయ్యాక పది నిమిషాలు పాపని ఒళ్ళో పెట్టుకుని కూర్చోవడం, అంతే. పది నిమిషాలు కుదిరితే టిక్ పెట్టుకోవడం. కుదరకపోతే ఎందుకు కుదరలేదో వచ్చేసారి మాట్లాడుకోవడం. ఇవన్నీ బొమ్మలు చూపిస్తూ చెప్తారు కాబట్టి చదువు రాని తల్లికి కూడా అర్థమవుతుంది.

మాటలు మూడు విషయాల చుట్టూ తిరుగుతాయి. తల్లి సొంత ఆరోగ్యం, తల్లికీ బిడ్డకీ మధ్య బంధం, ఇంట్లో మిగతా వాళ్ళతో బంధం. ఆర్డర్ గమనించండి. మొదట తల్లి తిండి, తల్లి నిద్ర, తల్లి విశ్రాంతి. బిడ్డ తర్వాత.

ఇంకో తెలివైన పని చేశారు. ఇంటికి వెళ్ళి "మీ కోడలికి డిప్రెషన్, ట్రీట్‌మెంట్ ఇస్తాం" అంటే తలుపు తీస్తారా? మన దగ్గర మాత్రం తీస్తారా? "మా ఇంటి పిల్లకి పిచ్చి అంటారా" అని గొడవ అవుతుంది. అందుకని వాళ్ళు వేరే తలుపు తట్టారు. "బిడ్డ ఆరోగ్యంగా పెరగడానికి మాట్లాడుకుందాం" అన్నారు. ఆ మాటకి ఏ అత్తగారూ కాదనరు. అత్త, భర్త కూడా వచ్చి కూర్చున్నారు. బిడ్డ బాగుండాలంటే తల్లికి నిద్ర కావాలి, మరి రాత్రి కాసేపు బిడ్డని ఎవరు ఎత్తుకుంటారు, ఇలా పని ఇంటిల్లిపాదికీ పంచారు. ఒకే సర్వర్ మీద ఉన్న లోడ్ మొత్తం నాలుగు సర్వర్లకి పంచినట్టు.

రిజల్ట్స్

ఆరు నెలల తర్వాత లెక్క చూశారు. మామూలు విజిట్లు జరిగిన ఊళ్ళలో 53 శాతం తల్లులు ఇంకా డిప్రెషన్‌లోనే ఉన్నారు. ట్రైనింగ్ అయిన హెల్త్ వర్కర్ వెళ్ళిన ఊళ్ళలో 23 శాతం. ఏడాది తర్వాత 59కి 27. ఒక్కసారి ఆలోచించండి. సైకియాట్రిస్ట్ లేరు, మందులు లేవు, క్లినిక్ లేదు. రెండు రోజుల ట్రైనింగ్ తీసుకున్న ఊరి మనిషి, వినే పద్ధతి నేర్చుకుని, 16 సార్లు వచ్చి కూర్చుంది.

పిల్లల సంగతి? విరేచనాలు తగ్గాయి. టీకాలు పూర్తిగా వేయించుకున్న వాళ్ళు పెరిగారు. ఇంకోటి నాకు చాలా నచ్చింది, తల్లే కాదు, తండ్రి కూడా బిడ్డతో ఆడుకునే సమయం పెరిగింది. తల్లి కోలుకుంటే ఇంటి గాలే మారిందన్నమాట.

కానీ ఇక్కడ నేను వీడియో ఆపేస్తే మీకు సగం నిజమే చెప్పినట్టు. పిల్లల ఎత్తు, బరువులో మాత్రం రెండు గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా రాలేదు. టీమ్ ముఖ్యంగా చూడాలనుకున్నది అదే. ఆ తర్వాత ఏడేళ్ళకి మళ్ళీ వెళ్ళి పిల్లల్ని చూశారు. తెలివితేటల్లో, ప్రవర్తనలో, ఎదుగుదలలో రెండు గుంపుల పిల్లలూ దాదాపు ఒకటే. ఇది 2015లో పబ్లిష్ అయింది.

అయితే మొత్తం వేస్టేనా? 2020లో అమెరికన్ ఎకనామిక్ రివ్యూ అనే జర్నల్‌లో అదే తల్లుల మీద ఇంకో పేపర్ వచ్చింది. ఈసారి ఎకనామిస్టులు చూశారు. ఏడేళ్ళ తర్వాత కూడా ఆ తల్లుల్లో డిప్రెషన్ తక్కువగా ఉంది. ఇంటి ఖర్చు మీద వాళ్ళ మాట చెల్లుబాటు పెరిగింది. పిల్లల కోసం పెట్టే సమయం, పెట్టే డబ్బు రెండూ పెరిగాయి. ఆ పెరుగుదల ఎక్కువగా ఎవరి వైపు మొగ్గిందో తెలుసా? ఆడపిల్లల వైపు. గోవా స్టడీలో ఆడపిల్ల పుట్టడం తల్లి దిగులుకి ఒక కారణమైంది కదా. ఇక్కడ తల్లి కోలుకుంటే లాభం కూతురికి ఎక్కువ దక్కింది.

నాకైతే ఒక విషయం అర్థమైంది. పిల్లాడి మార్కులు పెరిగితేనే తల్లికి వైద్యం చేయాలి అనే లెక్క అసలు తప్పు. పిల్లల్లో తేడా కనిపించినా కనిపించకపోయినా, సగం మందికి పైగా తల్లులు ఏడాదంతా చీకట్లో ఉండటం, నాలుగో వంతు మంది ఉండటం, ఈ రెండిటి మధ్య తేడా చాలు. తల్లి కూడా ఒక మనిషే కదా. తను బాగుపడటానికి బిడ్డ అనే సాకు అవసరం లేదు.

హెల్త్ వర్కర్ కూడా లేకపోతే?

హెల్త్ వర్కర్లకి ఇప్పటికే తల మీద బోలెడు పని. మన ఆశాలని అడగండి, రిజిస్టర్ల లిస్టు చెప్తారు. అందుకని తర్వాతి రౌండ్‌లో సాటి మహిళలతో ప్రయత్నించారు. తాము కూడా పిల్లల్ని కన్న, అదే ఊరి తల్లులు. గోవాలో వాళ్ళని సఖి అన్నారు, పాకిస్తాన్‌లో రజాకార్ అన్నారు. అక్కడ ఆ మాటకి అర్థం వాలంటీర్ అని. మన తెలంగాణలో ఆ పేరు వింటే వేరే చరిత్ర గుర్తొస్తుంది, దానికీ దీనికీ సంబంధం లేదు.

2019లో రెండు చోట్లా రిజల్ట్స్ వచ్చాయి. గోవాలో 280 మంది తల్లులు. ఆరు నెలలకి సఖి వెళ్ళిన వాళ్ళలో 73 శాతం డిప్రెషన్ నుంచి బయటపడ్డారు. మిగతా వాళ్ళలో 60 శాతం. లాభం ఉంది, కానీ ముందు చూసినంత పెద్దది కాదు. రావల్పిండిలో సాటి తల్లులతో చేసిన దాంట్లో ఆరు నెలలకి తేడా ఇంకా చిన్నది, గట్టిగా చెప్పలేనంత. కాబట్టి పక్కింటి ఆవిడ వచ్చి కూర్చుంటే చాలు, అన్నీ నయమైపోతాయి అని నేను చెప్పను. తోడు పనిచేస్తుంది. దానికి ట్రైనింగ్, పైనుంచి సపోర్ట్ ఉంటే ఇంకా బాగా పనిచేస్తుంది. కొంతమందికి డాక్టర్ కావాలి, మందులు కావాలి. ఇవన్నీ నిజాలే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ థింకింగ్ హెల్దీ పద్ధతిని 2015లో ఒక మాన్యువల్‌గా విడుదల చేసింది. రావల్పిండి పల్లెలో మొదలైంది ఇప్పుడు ఏ దేశంలోని హెల్త్ వర్కర్ అయినా వాడుకోవచ్చు.

మళ్ళీ మా వరండాకి వస్తే

అక్క ఆ మాట అన్న తర్వాత నేను లింకులు పంపడం ఆపేశాను. ఏం చేయాలో మాత్రం తెలియలేదు. అసలు మార్పు తెచ్చింది మా ఎదురింటి పెద్దమ్మ. ఆవిడ ఏ పేపరూ చదవలేదు. రోజూ సాయంత్రం వచ్చి అక్క మంచం పక్కన కూర్చునేది. వచ్చినవాళ్ళందరూ "పాప పాలు తాగుతోందా" అని అడిగితే, ఆవిడ మాత్రం "ఏమ్మా, నువ్వు తిన్నావా" అని అడిగేది. అక్క చెప్పినా చెప్పకపోయినా కూర్చునేది. నాలుగైదు రోజులకి అక్క మాట్లాడటం మొదలుపెట్టింది.

పెద్దమ్మే అమ్మతో అంది, "దీనికి దిష్టి కాదమ్మా, డాక్టర్‌కి చూపించండి. నా రెండో కాన్పుకి నాకూ ఇలాగే అయింది, ఎవరికీ చెప్పుకోలేక చచ్చిపోయాను." ఆ మాటకి అమ్మ మెత్తబడింది. గుంటూరు తీసుకెళ్ళాం. డాక్టర్ గారు ఓ పది ప్రశ్నలు అడిగారు. ఎడిన్‌బరో స్కేల్ అని, 1987 నుంచి వాడుతున్న పది ప్రశ్నల ఫామ్ ఒకటుంది, అలాంటిదే అని నాకు తర్వాత తెలిసింది. కొన్ని నెలలు పట్టింది. మందులు, కౌన్సెలింగ్ రెండూ. రాత్రి రెండు గంటల ఫీడింగ్ తర్వాత పాపని ఎత్తుకుని తిప్పే డ్యూటీ నాది. పొద్దున మీటింగ్‌లో ఎన్నిసార్లు ఆవలించానో లెక్కలేదు. బావ కూడా వారం వారం రావడం మొదలుపెట్టారు.

మొన్న ఈ రీసెర్చ్ చదువుతుంటే నాకు పెద్దమ్మే కనిపించింది. తల్లి ఆరోగ్యం మొదట, తర్వాత బిడ్డ, తర్వాత ఇంటి వాళ్ళు. అదే ఆర్డర్.

మరి మనం ఏం చేయొచ్చు?

ఈ ఎపిసోడ్ చూసేవాళ్ళలో ఎక్కువమంది ఇంకా పెళ్ళి కాని వాళ్ళే అని నాకు తెలుసు. కానీ ఎవరో ఒకరికి తమ్ముడు, చెల్లి, మరిది, ఆడపడుచు, ఫ్రెండ్ అయి ఉంటారు. కొన్ని సింపుల్ పనులు చెప్తాను.

ఒకటి. బారసాలకి వెళ్ళినప్పుడు, వీడియో కాల్ చేసినప్పుడు, మొదటి ప్రశ్న తల్లిని గురించి అడగండి. "అక్కా, నిన్న రాత్రి ఎంతసేపు పడుకున్నావు?" "ఎలా ఉన్నావు" అంటే "బాగున్నా" అనే వస్తుంది. నిద్ర గురించి, తిండి గురించి అడిగితే నిజం బయటికి వస్తుంది.

రెండు. లింకు పంపే ముందు ఆగండి. సలహా బదులు ఒక పని తీసుకోండి. బట్టలు ఉతకడం, టీకాకి తీసుకెళ్ళడం, రాత్రి ఒక గంట బిడ్డని ఎత్తుకోవడం. అమెరికాలో ఉన్న అక్క అయితే, ఇక్కడి నుంచి రోజూ ఒకే టైమ్‌కి ఫోన్ చేసి పది నిమిషాలు వినండి. అక్కడ పెద్దమ్మ ఉండదు కదా.

మూడు. "నేను మంచి తల్లిని కాను" అని అంటే వెంటనే "ఛ, అలా అనకు" అని మూసేయకండి. "అలా ఎందుకు అనిపిస్తోంది?" అని అడిగి ఊరుకోండి. చెప్పనివ్వండి.

నాలుగు. తండ్రిని కూడా అడగండి. వివిధ దేశాల స్టడీలని కలిపి చూసిన ఒక రివ్యూ 2010లో వచ్చింది. తండ్రుల్లో కూడా పదిమందిలో ఒకరికి ఈ సమయంలో డిప్రెషన్ కనిపించింది. మగాడు కాబట్టి చెప్పుకోడు, అంతే తేడా.

ఐదు, ఇది చాలా ముఖ్యం. రెండు వారాలు దాటి దిగులు తగ్గకపోతే డాక్టర్‌కి చూపించండి. చనిపోవాలని ఉందని అన్నా, బిడ్డకి ఏదైనా చేసేస్తానేమో అని భయపడినా, లేనివి కనిపిస్తున్నాయి, వినిపిస్తున్నాయి అన్నా, రెండు వారాలు ఆగకండి. అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్ళండి, ఒంటరిగా వదలకండి. భారత ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలీ మానస్ హెల్ప్‌లైన్ ఉంది. నంబర్ 14416. ఫ్రీ, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు. ఇప్పుడే ఫోన్‌లో సేవ్ చేసుకోండి. మందులు వాడుతున్న వాళ్ళు ఎవరో చెప్పారని మధ్యలో ఆపేయకండి, డాక్టర్‌ని అడిగే మార్చుకోండి.

మా పాప ఇప్పుడు స్కూల్‌కి వెళ్తోంది. నన్ను "మామా" అని పిలిచి ఫోన్ లాక్కుంటుంది. అక్క ఈ స్క్రిప్ట్ మొత్తం విన్నాక ఒక్క లైన్ కలపమంది. అది చెప్పి ముగిస్తాను. "ఆ రోజుల్లో నాకు ఎలా పెంచాలో తెలియక కాదు రా. తెలిసింది చేయడానికి లేవలేకపోయాను. అప్పుడు నన్ను లేపిన వాళ్ళే నా పాపని కూడా పెంచినట్టు."

మీ ఇంట్లో అలాంటి పెద్దమ్మ ఎవరైనా ఉంటే కామెంట్లో చెప్పండి. ఇంకా ముందు, ఈ మధ్య కాన్పయిన మీ అక్కకో చెల్లికో ఒక ఫోన్ చేయండి. పాప గురించి తర్వాత అడుగుదురు గాని. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.